వేలానికి ముందు అడగాల్సిన లెక్క

(హైదరాబాద్‌లో రామంతాపూర్ వైపు కొన్ని కాలనీ సంఘాలు కలిసి ఏర్పాటు చేసుకున్న ఆదివారం సమావేశంలో, పట్టణ ప్రణాళిక విభాగంలో మ్యాపులు గీసి రిటైరైన ఒక ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఫ్యాన్ల చప్పుడుకి నా మాట వినిపించకపోతే చెయ్యెత్తండి.

ముప్పై ఏళ్లకు పైగా మ్యాపులు గీశాను. మొదట్లో ట్రేసింగ్ గుడ్డ మీద నల్ల ఇంకుతో, చివరి పదేళ్లు కంప్యూటర్ మీద. ఈరోజు మీకు చూపించాలని ఒక పాత గ్రామ నక్ష నకలు తెచ్చాను. ఇదిగో, ఈ లావు గీత చెరువు కట్ట. కట్ట మధ్యలో ఈ చిన్న గుర్తు తూము. ఈ చివర మత్తడి, అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగు. మత్తడి నుంచి బయల్దేరిన ఈ జంట గీతలు వాగు. అది పోయి కింద ఇంకో కుంటలో కలుస్తోంది. ఆ కుంట నిండితే దాని మత్తడి నుంచి ఇంకో వాగు. గొలుసుకట్టు చెరువులంటే ఇవే. ఇప్పుడు ఇదే జాగాను ఫోన్లో చూడండి. జంట గీతలున్న చోట ఒక సందు, సందు పక్కన మూడంతస్తుల ఇళ్లు. మధ్యలో స్లాబు కప్పిన నాలా. నీళ్లు మాత్రం పాత నక్ష ప్రకారమే వస్తున్నాయి.

మన ఊళ్లో పేర్లు ఉండిపోయాయి. నల్లకుంట, ఎర్రకుంట, మాసాబ్ ట్యాంక్. ఆ పేర్లు పలికే పిల్లలకు అక్కడ నీళ్లుండేవని తెలియదు. అంబర్‌పేటలో బతుకమ్మకుంట మీకందరికీ దగ్గరే. 1962 నాటి రికార్డుల్లో అది పద్నాలుగు ఎకరాలు. మట్టి, చెత్త పోసి పూడ్చేశారు, ముళ్లకంప మొలిచింది. మళ్లీ తవ్వి 2025 సెప్టెంబర్‌లో ప్రారంభించేనాటికి మిగిలింది సుమారు ఐదెకరాలు. ఆ ఐదైనా దక్కినందుకు నాకు నిజంగా సంతోషం. ప్రారంభించాక చూడ్డానికి వెళ్తే ఒక పెద్దావిడ గట్టు మీద కూర్చుని నీళ్లవైపే చూస్తోంది. చాలాసేపు లేవలేదు. పోయిన తొమ్మిదెకరాల మాట ఆమెను అడగబుద్ధి కాలేదు నాకు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈరోజు నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ప్రభుత్వ భూమి అమ్మగా వచ్చిన డబ్బును మనం ఆదాయం అని పిలవడం మానాలి. అది ఆస్తి. మీ తాతగారు రెండెకరాలు ఇచ్చి పోయారనుకోండి. దాన్ని అమ్మి ఇల్లు కట్టుకుంటే ఇల్లు మిగులుతుంది. పిల్లల్ని చదివిస్తే చదువు మిగులుతుంది. నెలనెలా కిరాణా బిల్లుకు వాడితే మూడో ఏడాదికి భూమీ ఉండదు, బిల్లు మాత్రం వస్తూనే ఉంటుంది. ఇంట్లో ఎవరైనా ఇలా చేస్తే పెద్దవాళ్లు కూర్చోబెట్టి అడుగుతారు. ఊరి విషయంలో అడిగేవాళ్లం మనమే.

కొన్ని అంకెలు చెబుతాను. 2023 ఆగస్టులో కోకాపేటలో వేలం జరిగింది. ఒక ప్లాటుకు ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. మొత్తం నలభై అయిదు ఎకరాల చిల్లరకు 3,319 కోట్లు వచ్చాయి. 2025 అక్టోబర్‌లో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లకు పోయింది. అదే 2023లో 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు టోల్ వసూలు హక్కును ముప్పై ఏళ్లకు 7,380 కోట్లకు ఇచ్చేశారు. అంటే మన మనవలు కట్టబోయే టోల్ డబ్బును మనం ముందే తీసేసుకున్నాం. ఇక్కడ పార్టీల మాట తేవడం లేదు. ఉమ్మడి రాష్ట్రంలో వేలాలు జరిగాయి, తెలంగాణ వచ్చాక ఆ ప్రభుత్వంలో జరిగాయి, ఈ ప్రభుత్వంలోనూ జరుగుతున్నాయి. బడ్జెట్ కాగితాలు తిరగేస్తే పన్నేతర ఆదాయం పద్దులో భూముల మీద పెట్టుకున్న ఆశ ఏటేటా కనిపిస్తుంది.

వేలం అయిన మర్నాడు పేపర్లో పెద్ద అక్షరాలతో రికార్డు ధర అని వస్తుంది. ఆ ధర ఎందుకు వచ్చిందో కూడా రాయాలి. ముంబైలోనూ చెన్నైలోనూ బెంగళూరులోనూ ఇంత స్థలంలో ఇంతే కట్టాలని ఎఫ్ఎస్ఐ పరిమితి ఉంటుంది. హైదరాబాద్‌లో 2006 నుంచి ఆ పరిమితి లేదు. 2012లో వచ్చిన జీవో 168 కూడా అదే దారిలో నడిచింది. రోడ్డు వెడల్పు ఉండి, చుట్టూ వదలాల్సిన ఖాళీ వదిలితే ఎత్తు పెంచుకుంటూ పోవచ్చు. కొన్నవాళ్లు డబ్బు పెడుతున్నది నేల మీద మాత్రమే కాదు, పైన ఉన్న ఆకాశం మీద కూడా.

ఆ ఆకాశంలో ఉండేవాళ్లకు నీళ్లు కావాలి కదా. ఒక టవర్లో నాలుగు వందల ఫ్లాట్లు అనుకుందాం. ఇంటికి నలుగురు. పదహారు వందల మంది. మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని ప్రభుత్వ ప్రమాణమే ఉంది. లెక్క కట్టండి, రెండు లక్షల పదహారు వేల లీటర్లు. ఇంజనీర్ల లెక్కలో అందులో ఎనభై శాతం మురుగుగా బయటికొస్తుంది. అంటే ఒక్క టవర్ నుంచి రోజూ లక్షా డెబ్భై వేల లీటర్లకు పైగా. ఆ మంచినీళ్లు ఎక్కడో కృష్ణా నుంచి, ఎల్లంపల్లి దగ్గర గోదావరి నుంచి వంద కిలోమీటర్లకు పైగా మోటార్లతో ఎత్తిపోసుకుంటూ తేవాలి. కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది. పైపు పగిలితే మళ్లీ ఖర్చు. మురుగు శుద్ధి చేసే ప్లాంటు నడపడానికి జీతాలు, రసాయనాలు, మళ్లీ కరెంటు. భూమి ధర ఒక్కసారి వస్తుంది. ఈ ఖర్చులు ఆ టవర్ నిలబడినన్నాళ్లూ ఉంటాయి. వేలం వేసేటప్పుడు ఈ రెండో లెక్క కూడా పక్కనే రాసి చూపించమని అడగాలి. నా సర్వీసులో ఆ కాగితం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

మీలో 2020 అక్టోబర్ 13 మర్చిపోయినవాళ్లు ఎవరూ ఉండరు. ఆరోజు ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్ల వాన పడింది. తర్వాతి వారం ఇదే వైపు మా చెల్లెలి వాళ్లింటికి వెళ్లాను. గ్రౌండ్ ఫ్లోర్. గోడ మీద నడుము ఎత్తున బురద గీత, స్కేలు పెట్టి గీసినట్టు. డాబా మీద మంచం పట్టె మీద కాగితాలు ఆరేసి ఉన్నాయి. పిల్లల టెన్త్ మెమోలు, రేషన్ కార్డు, ఇంటి రిజిస్ట్రేషన్ దస్తావేజు. గాలికి ఎగరకుండా ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి. దస్తావేజులో ఇంకు కారిపోయి సర్వే నంబరు చదవడానికి రాలేదు. మా చెల్లెలు నన్నడిగింది, అన్నయ్యా, నువ్వు మ్యాపులు గీసినవాడివి కదా, ఇక్కడ నీళ్లొస్తాయని నీకు ముందే తెలియదా అని. నాకు తెలుసు. ఆ జాగా ఒక కుంట శిఖం, అంటే కుంట నిండితే నీళ్లు నిలిచే నేల, దాని అంచు. కొనేటప్పుడు నన్ను అడగలేదు, అడిగి ఉంటే చెప్పేవాణ్నే. కానీ అది నా సమాధానం కాకూడదు. బావమరిదో అన్నో ఆఫీసులో ఉంటేనే ఆ సంగతి తెలిసే పరిస్థితి ఎందుకుండాలి?

ఆ ఇంటికి రిజిస్ట్రేషన్ ఉంది, కరెంటు మీటరుంది, నల్లా కనెక్షన్ ఉంది, ఏటా ఆస్తి పన్ను కడుతున్నారు, బ్యాంకు లోన్ కూడా ఇచ్చింది. ఇన్ని కాగితాలు చేతిలో పెట్టాక ఆ మనిషికి తను తప్పు చోట ఉన్నానని ఎలా తెలుస్తుంది? పదెకరాలు కాదు, పది హెక్టార్లు దాటిన చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే గీత నుంచి, ముప్పై మీటర్లు, చిన్న కుంటైతే తొమ్మిది మీటర్లు బఫర్‌గా ఖాళీ వదలాలని నిబంధన ఉంది. మంచిదే. కానీ ఆ ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడుందో నేల మీద రాళ్లు పాతి చూపించాలి. చాలా చెరువులకు ఆ పని ప్రాథమిక నోటిఫికేషన్ దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయింది. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించడానికని హైడ్రా సంస్థ పెట్టాక కూల్చివేతలు చూశాం. చెరువులు కాపాడాలన్నది నేను పూర్తిగా ఒప్పుకుంటాను. నా ఉద్యోగ జీవితం అంతా దానికోసమే మాట్లాడాను. అయితే రాయి పాతే పని ముందు జరగాలి. గీత తెలియకుండా కట్టుకున్న పేదవాడి ఇల్లు పోయి, ఆ ప్లాటు చేసి అమ్మినవాడు, దానికి సంతకం పెట్టినవాడు క్షేమంగా ఉంటే అది న్యాయం అనిపించుకోదు.

వానల గురించి ఇంకొక్క మాట. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద సంగతి మీరు విని ఉంటారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టెక్కి నూట యాభై మంది బతికిన కథ కూడా వినే ఉంటారు. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన నది ఒక్కటే చూసి ఊరుకోలేదు, పైన చెరువులు లెక్క పెట్టించారు. మూసీ పరీవాహకంలో 788 చెరువులు తేలాయి. ఇంచుమించు చదరపు మైలుకొకటి. ఆ వరదలో వాటిలో 221 తెగిపోయాయి. నగరం మునగడానికి ఒక కారణం ఊళ్లలో కట్టలు తెగడమని ఆయన రాసిపెట్టారు. ఆయన చెప్పినట్టే మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈరోజుకీ మనం ఆ ఖర్చు ఫలితం తింటున్నాం. ప్రజల సొమ్ము ఖర్చు గురించి ఎవరైనా అడిగితే నేను ముందు చూపించేది ఆ రెండు కట్టలనే.

ఆ జలాశయాలకు నీళ్లొచ్చే ప్రాంతాన్ని కాపాడ్డానికి 1996 మార్చిలో జీవో 111 తెచ్చారు. చుట్టూ పది కిలోమీటర్లు, 84 గ్రామాలు. ఫ్యాక్టరీలు, పెద్ద హోటళ్లు, అపార్ట్‌మెంట్ కాలనీలు రాకూడదని కట్టడి. తర్వాత ఒక నూనె పరిశ్రమ మినహాయింపు అడిగితే సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఒప్పుకోలేదు. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ కట్టడి ఎత్తేసే దిశగా అడుగేశారు, 2023లో మంత్రివర్గం రద్దు నిర్ణయం ప్రకటించింది. పర్యావరణం గురించి మాట్లాడే మిత్రులు ఇక్కడ కోపంగా మాట్లాడతారు, నేనూ వాళ్లవైపే. కానీ మొయినాబాద్ వైపు రైతుతో కూర్చుని ఒక గంట మాట్లాడి రండి. పక్కనే కోకాపేటలో ఎకరం కోట్లలో పోతుంటే ఇతను పాతికేళ్లు కూతురి పెళ్లికి ఎకరం అమ్ముకోవడానికి కూడా ఇబ్బంది పడ్డాడు. నగరం తాగే నీళ్లకు అతను కాపలా కాశాడు. నగరం అతనికి ఏమిచ్చింది? రోడ్డు వెడల్పులో జాగా పోయినవాళ్లకు టీడీఆర్ ఇస్తున్నాం కదా, కట్టుకునే హక్కును కాగితం రూపంలో ఇచ్చి, ఇంకోచోట వాడుకోమనో అమ్ముకోమనో చెబుతున్నాం. ఆ పద్ధతి ఈ 84 గ్రామాలకు ఎందుకు వర్తించకూడదు? గండిపేట, అంటే ఆ ఉస్మాన్‌సాగర్ నీళ్లే, కనిపిస్తాయని చెప్పి అమ్ముకునే ఫ్లాట్లు ఎన్నో. ఆ పక్కనే వేలంలో వచ్చిన 3,319 కోట్లలో ఒక వాటా ఏటేటా ఆ రైతులకు చేరేలా కట్టుబాటు చేసి ఉంటే ఈ జీవో మీద ఇంత గొడవ ఉండేది కాదని నా నమ్మకం.

కంచ గచ్చిబౌలి మాటెత్తకుండా వెళ్తే మీరు ఊరుకోరు. నాలుగు వందల ఎకరాలు. సెంట్రల్ యూనివర్సిటీ పక్కనే. 2025 మార్చి చివర్లో చెట్లు తీసి చదును చెయ్యడానికి జేసీబీలు దిగాయి, విద్యార్థులు అడ్డుపడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులన్నీ ఆపమంది. ప్రభుత్వం ఏమందంటే, రెవెన్యూ రికార్డుల్లో ఇది సర్కారీ భూమి, పాత కేసు మేమే గెలిచాం అని. అది నిజమే. నేను రికార్డులు చదివినవాణ్ని, ఆ మాటను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ భూమి ఎవరిదన్న ప్రశ్నకు జవాబు దొరికింది, ఏం చెయ్యాలన్నది ఇంకో ప్రశ్న. కంచ అంటే మన దగ్గర పశువులు మేసే బీడు. ఊరంతటి మేపు జాగా. ఎవరి పేరునా పట్టా ఉండదు కాబట్టి సర్కారు పేరున రాశారు. ఊరి తరఫున సర్కారు దగ్గర ఉంచిన జాగా అది.

ఇక్కడ నా పాత ఉద్యోగపు లెక్క ఒకటి చెబుతాను. ఎకరం నేల మీద పది సెంటీమీటర్ల వాన పడితే నాలుగు లక్షల లీటర్ల నీళ్లు. మన వీధికొచ్చే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే ఎనభై ట్యాంకర్లు. నాలుగు వందల ఎకరాల మీదైతే ముప్పై రెండు వేల ట్యాంకర్లు. మట్టి, చెట్లు, బండల మధ్య గుంతలు ఉన్నప్పుడు అందులో చాలా భాగం అక్కడే ఆగి, ఇంకి, మెల్లగా పోతుంది. స్లాబు వేశాక ఇంచుమించు అంతా గంటలోపు రోడ్డు మీదికి వస్తుంది. అప్పుడు దాన్ని మొయ్యడానికి కొత్త నాలా కట్టాలి. ఆ నాలా ఖర్చు అమ్మకం ధరలోంచి తీసేసి, మిగిలింది లాభం అని చూపిస్తే నేను వింటాను.

నాలాల దగ్గరికే వస్తున్నాను. 2000 ఆగస్టులో ఒక్కరోజు 24 సెంటీమీటర్ల వాన పడి నగరం మునిగాక నాలాల మీద సర్వే చేయించి నివేదిక రాయించారు. వెడల్పు చెయ్యాల్సిన చోట్లన్నీ అందులో ఉన్నాయి. 2020 వరద వచ్చేనాటికి ఆ పనుల్లో ఎక్కువ భాగం అలాగే ఉన్నాయి. వరద తర్వాత నాలాల అభివృద్ధికని ప్రత్యేక కార్యక్రమం పెట్టి వందల కోట్లు కేటాయించారు, కొన్నిచోట్ల బాక్స్ డ్రెయిన్లు కట్టారు, గుణం కనిపించింది కూడా. ఉన్నమాట చెప్పాలి కదా.

కానీ పూడిక సంగతి చూడండి. ఏటా ఎండాకాలంలో పూడిక తీస్తారు. తీసిన మట్టి నాలా ఒడ్డునే కుప్ప పోస్తారు. ఎండకి ఆరాక లారీలో తీసుకెళ్తామంటారు. మొదటి గాలివానకు సగం కుప్ప మళ్లీ నాలాలోకి జారుతుంది. బిల్లు మాత్రం తీసిన క్యూబిక్ మీటర్లకు పాస్ అవుతుంది. మీ గల్లీలో ఈసారి పని జరిగేటప్పుడు కుప్ప పోసిన రోజు ఒక ఫోటో, లారీ వచ్చిన రోజు ఒక ఫోటో తీసి పెట్టుకోండి. తారీఖు పడేలా తీయండి. బిల్లు నకలు సమాచార హక్కు కింద అడగండి. ఈ చిన్న పని చేసిన కాలనీల్లో లారీ తొందరగా వచ్చింది. నేను చూశాను.

ఇంకో పని, నోటీసులు చదవడం. భూ వినియోగం మార్చేముందు పేపర్లో ప్రకటన ఇస్తారు. ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, ఇన్ని ఎకరాల ఇన్ని గుంటలు, కన్జర్వేషన్ జోన్ నుంచి రెసిడెన్షియల్ జోన్‌కు మార్చాలని ప్రతిపాదన, అభ్యంతరాలుంటే ఇన్ని రోజుల్లోగా తెలపాలి అని ఉంటుంది. అక్షరాలు చిన్నవి, భూతద్దం కావాలి. ఆ గడువులో ఒక్క ఉత్తరం కూడా రాకపోతే ఫైల్లో అభ్యంతరాలు లేవు అని రాస్తారు. మీరు ఇంట్లో ఎంత బాధపడ్డా ఫైల్లో మాత్రం ఆ రెండు మాటలే ఉంటాయి.

మా సొంత కాలనీలో ఇది జరిగింది. లేఅవుట్లో పిల్లల పార్కుకు వదిలిన జాగా. అందులో కొంత భాగం వేరే వాడకానికి మార్చాలని ఒక దరఖాస్తు వెళ్లింది. నేను అభ్యంతరం రాసి, రసీదు తీసుకున్నాను. హియరింగ్‌కు రమ్మన్న ఉత్తరం హియరింగ్ అయిపోయిన రెండ్రోజులకు నా చేతికొచ్చింది. నేను ఉద్యోగం చేసినలాంటి ఆఫీసే, అందుకే మరీ కష్టంగా అనిపించింది. మర్నాడు మా కాలనీ నుంచి ముప్పై మందికి పైగా వెళ్లాం. ఎక్కువమంది ఆడవాళ్లు, ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కూడా తీసుకొచ్చారు. ఎవరూ కేకలు వెయ్యలేదు. పోస్టు ముద్ర తారీఖు ఉన్న కవరు టేబుల్ మీద పెట్టి, మళ్లీ తారీఖు ఇవ్వమన్నాం. ఇచ్చారు. రెండో హియరింగ్‌లో లేఅవుట్ ప్లాను చూపించాం. జాగా మిగిలింది. ఇప్పుడు అక్కడ రెండు ఉయ్యాలలు, ఒక వేపచెట్టు ఉన్నాయి. అప్పటినుంచి నేను ఏ కవరూ పారెయ్యలేదు.

వార్డు కమిటీలు, ఏరియా సభలు చట్టంలో ఉన్నాయి. జనం కూర్చుని తమ వార్డులో ఏం ఖర్చు పెట్టాలో చెప్పడానికి పెట్టినవి. మీలో ఎంతమంది ఏరియా సభకు వెళ్లారు? ఒక్క చెయ్యి కూడా లేవలేదు. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. పిలిచినవాళ్లు లేరు. కాబట్టి రేపు మీ కార్పొరేటరు ఓటుకు వచ్చినప్పుడు ఫ్లైఓవర్ గురించి, సీసీ రోడ్డు గురించి అడిగేముందు ఏరియా సభ ఎప్పుడు పెడతారని అడగండి. తారీఖు చెప్పించుకుని రాసుకోండి.

ప్రభుత్వ భూమి అమ్మకూడదని నేను మడికట్టుకుని కూర్చోలేదు. అమ్మాల్సిన సందర్భాలు ఉంటాయి. అమ్మేముందు మూడు సంగతులు కాగితం మీద పెట్టమంటున్నాను. ఆ జాగా మీద నీళ్లు ఎటునుంచి ఎటు పోతున్నాయి? అక్కడ కట్టబోయేదానికి నీళ్లు, మురుగు, రోడ్డు ఖర్చు ఏటా ఎంత, ఎవరు పెట్టుకుంటారు? వచ్చిన డబ్బు ఏ పనికి, ఏ ప్రాంతంలో వాడతారు? ఈ కాగితం వేలానికి ముందే జనం చదవగలిగే చోట, తెలుగులో, ఉర్దూలో అంటించాలి. గుట్టల బేగంపేటలో అమ్మిన ఎకరం డబ్బులో కొంతైనా ఉప్పల్ నాలాకో పాతబస్తీలో మురుగు లైనుకో వస్తుందా రాదా అని మనం వేలం రోజున తెలుసుకోగలగాలి. వరద రోజున కాదు.

సమయం అయిపోతోంది, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఈ నక్ష నకలు ఇక్కడే టేబుల్ మీద ఉంచుతాను. మీ దస్తావేజులో ఉన్న సర్వే నంబరు చెబితే, మీ ఇల్లు కట్టకు పైనుందో కిందుందో, పక్కనుంచి వాగు గీత పోతోందో ఇప్పుడే వేలు పెట్టి చూపిస్తాను. నోటీసుకు అభ్యంతరం ఎలా రాయాలో నమూనా ఉత్తరాలు కూడా జిరాక్స్ తీయించి తెచ్చాను, యాభై ఉన్నాయి, ఇంటికొకటి తీసుకోండి. ఆ రెండో వరుసలో అమ్మగారు ఇందాకటినుంచి ఏదో అడగాలని చూస్తున్నారు. అడగండమ్మా.